కర్నూలు తుంగభద్రలో ఫ్లై ఫిషింగ్: జిలేబితో మొదలుపెట్టి కొర్రమీను దాకా

ఫ్లై ఫిషింగ్ అనగానే మనవాళ్ళకు మంచు కొండలు, చల్లటి ఏళ్ళు, ట్రౌట్ చేపలు గుర్తొస్తాయి. నిజానికి తుంగభద్ర లాంటి వెచ్చటి నీళ్ళకు కూడా ఈ పద్ధతి బ్రహ్మాండంగా సరిపోతుంది. సుంకేసుల బ్యారేజీ దిగువన రాతి పరుపుల మధ్య నిలిచే మడుగులు, కేసీ కాలువ పక్కన ఊట నీటి గుంటలు, గుర్రపుడెక్క అల్లుకున్న చెరువు అంచులు, ఇవన్నీ ఫ్లైకి పనికొచ్చే చోట్లే.

చాలామంది ఉత్సాహంగా మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తారు. ఎందుకంటే మొదటి రోజు నుంచే దూరం విసరాలని తాపత్రయపడతారు. ఈ నదిలో మనకు దొరికే చేపల్లో ఎక్కువ భాగం ఒడ్డు నుంచి ముప్పై అడుగుల లోపలే ఉంటాయి. అంచున మేస్తున్న చేపను అడుగుల చప్పుడుతో తరిమేసి నడి ఏట్లోకి విసిరితే ఏం లాభం? నీళ్ళు చూడటం ముందు, విసరడం తర్వాత. ఈ మార్గదర్శిలో ఏ దశ చదివినా ఈ వరుస మాత్రం తప్పొద్దు.

మామూలు గాలంతో దీనికున్న తేడా ఒక్కటే. అక్కడ సీసం గుండు, ఎర బరువు కలిసి సన్నటి దారాన్ని లాక్కుపోతాయి. ఇక్కడ ఎరకు బరువే ఉండదు. అది చిన్న కొక్కేనికి ఈక, ఊలు, దారం చుట్టి చేసిన ఉత్తుత్తి పురుగు, దాన్నే ఫ్లై అంటారు. బరువంతా లైనుదే. ప్లాస్టిక్ పూత ఉన్న ఆ మందపాటి లైనును గాల్లో సాగదీసి, దాని వెంట పురుగును పంపిస్తాం.

ఏ కాలం, ఏ నీళ్ళు

ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా తుంగభద్ర ఎర్రగా, వడిగా వస్తుంది. అప్పుడు నదిలో ఫ్లై వేసి ప్రయోజనం లేదు. చేపకు ఫ్లై కనపడదు, మనకూ ప్రమాదం. నవంబర్ మధ్య నుంచి నీళ్ళు తేటపడతాయి. డిసెంబర్ నుంచి మార్చి దాకా అసలైన సీజన్. నది పాయలుగా విడిపోతుంది, పరుపు బండలు బయటపడతాయి, ఇసుక మేటల పక్కన మోకాలి లోతు నీళ్ళలో చేపలు కంటికి కనిపిస్తాయి.

చలికాలంలో మాత్రం తెల్లవారుజామునే పరిగెత్తొద్దు. జిలేబి, అంటే తిలాపియా, వెచ్చదనం కోరుకునే చేప. నీళ్ళు 20 డిగ్రీల కంటే చల్లబడితే మేత తగ్గిస్తుంది, పాతిక నుంచి ముప్పై మధ్య చురుగ్గా ఉంటుంది. కాబట్టి పుష్యమాసంలో ఎండ పడి లోతు తక్కువ నీళ్ళు కాస్త వెచ్చబడ్డాక, అంటే తొమ్మిది పది గంటల నుంచి మధ్యాహ్నం దాకా మంచి సమయం. ఏప్రిల్, మే నెలల్లో దీనికి తలకిందులు. తెల్లవారిన రెండు మూడు గంటలు, మళ్ళీ పొద్దు వాలాక ఒక గంట, అంతే. కర్నూలు ఎండ 40 దాటిన రోజుల్లో నీళ్ళలో ఆక్సిజన్ బాగా తగ్గుతుంది. గాలానికి పడి పెనుగులాడిన చేపను వదిలినా మళ్ళీ తేరుకోవడం కష్టం. నడిఎండల్లో నిలవ మడుగుల జోలికి నేను పోను.

జూన్‌లో తొలకరి పడిన సాయంత్రం ఉసిళ్ళు లేస్తాయి. ఆ ఒకటి రెండు రోజులు ఏ పనున్నా మానుకుని వెళ్ళాల్సిందే. పుట్టల్లోంచి లేచిన ఉసిళ్ళు రెక్కలూడి నీళ్ళ మీద పడుతుంటే పరిగెలు, జిలేబీలు పైకి వచ్చి గుటుక్కు గుటుక్కున మింగుతాయి. నీళ్ళ మీద తేలే ఫ్లైకి ఏడాది మొత్తంలో అంతకన్నా మంచి సమయం ఉండదు.

ఇక చోటు. కర్నూలు దగ్గర హంద్రీ వచ్చి తుంగభద్రలో కలుస్తుంది. ఊరి మురుగు కూడా ఈ నీళ్ళలోకే చేరుతుంది కాబట్టి కలిసే చోట, దానికి దిగువన వెయ్యొద్దు. అక్కడ పట్టిన చేప తినడానికీ పనికిరాదు, దిగితే చర్మానికీ మంచిది కాదు. పై వైపు, సుంకేసుల నుంచి ఊరికి వచ్చే దారిలో నది ఒడ్డు ఊళ్ళ దగ్గర వెతకండి. ఇంకా పైకి నాగలదిన్నె, మంత్రాలయం వైపు కూడా మంచి నీళ్ళున్నాయి. కొర్రమీను కావాలంటే నది కన్నా చెరువులు, కాలువ పక్క కుంటలు నయం.

ముందుగా అడగాల్సినవాళ్ళు

చెరువులు సాధారణంగా మత్స్యకార సహకార సంఘాల లీజులో ఉంటాయి. వాళ్ళు పిల్లలు కొని వదిలి, మేపి, పట్టుకునే చేపలవి. సంఘం పెద్దను కలిసి అనుమతి తీసుకోకుండా చెరువులో గాలం వెయ్యొద్దు. నదికి, రిజర్వాయర్లకు లైసెన్సు నిబంధనలు ఉంటాయి, జిల్లా మత్స్యశాఖ ఆఫీసులో ఒకసారి కనుక్కుంటే సరిపోతుంది. బ్యారేజీ గేట్ల దగ్గర, కట్ట మీద ఎటూ వేయకూడదు. కర్నూలు, సుంకేసుల దగ్గర నదికి అవతలి ఒడ్డు తెలంగాణ. రాజోలి వైపు దాటితే అక్కడి నిబంధనలు వర్తిస్తాయి. కిందికి సంగమేశ్వరం, శ్రీశైలం వెనక నీళ్ళ వైపు వెళ్ళినకొద్దీ నల్లమల పులుల అభయారణ్యం హద్దులు వస్తాయి. అక్కడికి అటవీశాఖ అనుమతి లేకుండా గాలం తీసుకెళ్ళడం నేరం అవుతుంది.

నది మీద పుట్టిలో తిరుగుతూ వలలు కట్టేవాళ్ళతో ముందే మాట కలపండి. "అన్నా, వల యాడిదాకా కట్టినారు?" అని అడిగితే చేయి చూపించి చెప్తారు. వల అంచుకు వంద అడుగుల దూరం పాటించండి. ఆ మాటల్లోనే ఏ మడుగులో ఏం తిరుగుతోందో కూడా తెలిసిపోతుంది. ఏ మ్యాపూ మీకు ఆ సంగతి చెప్పలేదు.

సామాను

రాడ్లకు నంబర్లుంటాయి, దాన్నే వెయిట్ అంటారు. నంబర్ పెరిగేకొద్దీ రాడ్డు, లైను బరువెక్కుతాయి. జిలేబికి, పరిగెలకు 4 లేదా 5 నంబర్ చక్కగా ఉంటుంది. కొర్రమీనుకు 7 లేదా 8 కావాలి. రెండు కొనే ఉద్దేశం లేకపోతే 9 అడుగుల 6 నంబర్ రాడ్డు తీసుకోండి. జిలేబికి కాస్త ఎక్కువ, కొర్రమీనుకు కాస్త తక్కువ, అయినా రెండు పనులూ నడుస్తాయి. బ్రాండ్ పేరు గురించి టెన్షన్ పడక్కర్లేదు.

డబ్బు పెట్టాల్సింది లైను మీద. పెట్టె మీద డబ్ల్యూఎఫ్-6-ఎఫ్ అని ఉంటుంది: ముందు భాగం బరువు, 6 నంబర్, నీటి మీద తేలేది అని అర్థం. చలి దేశాల కోసం చేసిన లైను మన ఎండకు మెత్తబడి, జిగటగా మారి రింగుల్లో అతుక్కుంటుంది. ట్రాపికల్ లేదా వార్మ్‌వాటర్ అని రాసి ఉన్నది వెతికి తీసుకోండి. రీలుకు పెద్ద పని లేదు. లైను చుట్టుకోవడానికి, దాని కింద వంద అడుగుల డాక్రాన్ బ్యాకింగ్ (లైను వెనక కట్టే అదనపు దారం) పట్టడానికి చోటుంటే చాలు.

లైనుకు, ఫ్లైకి మధ్య లీడర్ ఉంటుంది. మొదట్లో మందంగా, చివరకు వచ్చేసరికి సన్నగా ఉండే తొమ్మిదడుగుల నైలాన్ ఇది. కొనొచ్చు, కానీ గాలాల షాపులో దొరికే నైలాన్ తంగూసుతో ఇంట్లోనే కట్టుకోవచ్చు. 0.45 మిల్లీమీటర్లది నాలుగడుగులు, 0.35ది రెండడుగులు, 0.25ది అడుగు, చివర 0.20ది రెండడుగులు. కొర్రమీనుకు ఈ లెక్క వద్దు, దాని పళ్ళకు సన్న దారం ఆగదు. 0.40 నైలాన్ ఒకే ముక్క ఆరేడు అడుగులు కట్టేయండి.

ముడులు నాలుగే నేర్చుకోండి. లైనుకు లీడర్ కట్టడానికి నెయిల్ నాట్, రెండు నైలాన్లను కలపడానికి సర్జన్స్ నాట్, చిన్న ఫ్లైకి ఐదు చుట్ల క్లించ్ నాట్, కప్ప ఫ్లై నీళ్ళలో స్వేచ్ఛగా ఆడటానికి లూప్ నాట్. ఏ ముడైనా బిగించే ముందు నోట్లో పెట్టి తడపండి. పొడిగా లాగితే రాపిడి వేడికి నైలాన్ బలహీనపడుతుంది.

వీటితోపాటు పోలరైజ్డ్ కళ్ళద్దాలు తప్పనిసరి. నీటి మీద మెరుపు పోయి లోపలున్నది కనిపిస్తుంది. రాడ్డుతో సమానమైన సామాను అది. అంచున్న టోపీ, పొడవు చేతుల చొక్కా, కాళ్ళకు పట్టుండే బూట్లు, చిన్న పట్టకారు, చేతివల ఉంటే సరంజామా పూర్తయినట్టే.

ఫ్లైలు ఇంట్లో కట్టుకోవడం

కొన్న ఫ్లైలలో చాలావరకు ట్రౌట్ కోసం చేసినవి. మన నీళ్ళలో చేప తినేది వేరు, కాబట్టి నాలుగు రకాలు మనమే కట్టుకుందాం. కొక్కెం నంబర్ పెరిగితే సైజు తగ్గుతుందని గుర్తుంచుకోండి.

నాచు ఫ్లైతో మొదలుపెట్టండి, జిలేబికి దీన్ని మించింది లేదు. జిలేబి ఎక్కువగా రాళ్ళ మీద నాచు, దాంట్లో ఉండే చిన్న పురుగులు తింటుంది. 12 నంబర్ కొక్కేన్ని చిన్న వైసులో బిగించి, కన్ను (దారం కట్టే రంధ్రం) దగ్గర నుంచి వంపు దాకా నల్ల దారం చుట్టండి. మోటారు వైండింగ్ షాపులో అడిగితే తుక్కులోంచి సన్నటి రాగి తీగ ఇస్తారు. దాన్ని కాడ మధ్యలో ఏడెనిమిది చుట్లు వేయండి, ఫ్లై మెల్లగా మునగడానికి ఆ బరువు చాలు. ముదురు ఆకుపచ్చ ఊలు పోగును విడదీసి ఒక్క పాయ తీసుకోండి. వంపు దగ్గర కొద్దిగా తోకలా వదిలి దారంతో కట్టి, పాయను మెలి తిప్పుతూ ముందుకు చుట్టుకుంటూ రండి. కన్నుకు రెండు మిల్లీమీటర్ల ముందే ఆపి, దారంతో బిగించి, నాలుగు సగం ముడులు వేసి, రంగు లేని గోళ్ళ పాలిష్ ఒక చుక్క పెట్టండి. చివరగా సూదితో ఊలును అక్కడక్కడా పీకి నూగులా చేయండి. చూడ్డానికి ఏమీ బాగుండదు. నీళ్ళలో తడిసి ఆ నూగు కదిలినప్పుడు మాత్రం అచ్చం నాచు పీచే.

ఉసిలి ఫ్లైకి అదే సైజు కొక్కెం మీద గోధుమ రంగు ఫోమ్ షీట్ సన్న ముక్క కట్టి, పారదర్శకమైన పాలిథిన్ రెక్కలు రెండు వెనక్కి వాలేలా పెడితే సరిపోతుంది. వూలీ బుగ్గర్ అనేది చేపపిల్లలా, పురుగులా, రొయ్యలా ఎలాగైనా కనిపించే ఫ్లై. 8 నంబర్ కొక్కెం, నల్ల ఊలు ఒళ్ళు, కోడి రొమ్ము కింది మెత్తటి నూగు తోకకు, నాటుకోడి పుంజు మెడ ఈక ఒళ్ళంతా చుట్టడానికి. ఈకలు చికెన్ షాపులో ఊరికే ఇస్తారు, సబ్బునీళ్ళలో కడిగి నీడలో ఆరబెట్టుకోండి. నెమలి ఈకలు మాత్రం ఎంత అందంగా ఉన్నా పొలాల్లో పక్షి దగ్గర నుంచి సంపాదించే ఆలోచన పెట్టుకోవద్దు. అది వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న పక్షి.

కప్ప ఫ్లై కొర్రమీనుకు. 1/0 అనే పెద్ద కొక్కేనికి వేలి మందం ఫోమ్ గుండును చెక్కి అతికించి, రబ్బరు బ్యాండ్ కాళ్ళు పెట్టండి. 0.50 నైలాన్ ముక్కను కొక్కెం వెనుక నుంచి కన్ను దాకా వంపుగా కట్టడం మరిచిపోవద్దు. ఆ కంచె లేకపోతే గుర్రపుడెక్కలో ప్రతిసారీ తగులుకుంటుంది.

విసరడం నేర్చుకోవడం

నది దగ్గర కాదు, మైదానంలో మొదలుపెట్టండి. ఎస్టీబీసీ కాలేజీ గ్రౌండ్ లాంటి ఖాళీ చోట తెల్లవారి అరగంట చాలు. ఫ్లై బదులు చివర ఎర్ర ఊలు ముక్క కట్టండి.

1. రాడ్డు కొన నుంచి పాతికడుగుల లైను నేల మీద తిన్నగా పరవండి. బొటనవేలు పిడి పైన ఉండాలి. రాడ్డు కొన నేలకు దగ్గరగా పెట్టండి.
2. మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచుకుంటూ లేపండి. రాడ్డు నిటారు దాటి కొద్దిగా వెనక్కి వాలగానే ఠక్కున ఆపండి.
3. ఇప్పుడు ఆగాలి. వెనక లైను పూర్తిగా సాగేదాకా ఆగాలి. మెడ తిప్పి చూడండి, తప్పేం లేదు.
4. లైను సాగగానే ముందుకు అదే పద్ధతిలో వేగం పెంచి, రాడ్డు కంటి ఎత్తుకు కొంచెం పైన ఉండగా ఆపండి. లైను దానంతటదే విప్పుకుంటూ పోతుంది.
5. లైను పడుతుండగా రాడ్డును దాంతోపాటు దించండి.

మూడో మెట్టు దగ్గరే అందరూ తడబడతారు. వెనక ఆగకుండా ముందుకు కొడితే కొరడా చప్పుడు వస్తుంది, అప్పుడు చివరి ఫ్లై తెగిపోయినట్టే. జొన్నచేలో పిట్టలను తోలడానికి ఒడిసెల తిప్పినట్టు చేతిని గుండ్రంగా తిప్పే అలవాటు కూడా మానుకోవాలి. ఒడిసెలలో రాయి వేగం తిప్పడంలో ఉంటుంది, ఇక్కడ లైను వేగం ఆపడంలో ఉంది. మణికట్టు వదులైతే ఆగదు. పిడి కింది కొనను చొక్కా చేతి మడతలో దోపి సాధన చేస్తే మణికట్టు దానంతటదే అదుపులోకి వస్తుంది.

తుంగభద్ర ఒడ్డున చాలా చోట్ల వెనక కంపచెట్లుంటాయి. అక్కడ వెనక్కి విసిరే వీలే లేదు. రోల్ కాస్ట్ నేర్చుకోవాలి. నీళ్ళ మీద ఉన్న లైనును మెల్లగా దగ్గరకు జరుపుతూ రాడ్డును చెవి పక్కకు తెచ్చి ఆపండి. రాడ్డు కొన నుంచి లైను మీ భుజం వెనక వంపుగా వేలాడుతుంది. అది కదలడం ఆగాక ముందుకు ఒక్కసారిగా కొట్టి ఆపండి, లైను చక్రంలా దొర్లుకుంటూ పోతుంది. ఇది నేల మీద సరిగా రాదు, నీటి పట్టు కావాలి. నిలవ నీళ్ళ దగ్గర నేర్చుకోండి. మన నదిలో రోజూ పనికొచ్చేది ఈ విసురే అని నా నమ్మకం.

ఆషాఢం గాలుల్లో రాడ్డును పక్కకు వంచి, లైను నీటికి దగ్గరగా పోయేలా విసరండి. గాలి ఒంటి మీదికి తోస్తుంటే ఫ్లై ముఖానికి రాకుండా అవతలి భుజం మీదుగా వెయ్యండి.

నీళ్ళు చూడటం

నది చేరగానే రాడ్డు కూర్చకండి. ఒడ్డుకు ఇరవై అడుగుల దూరంలో నిలబడి పది నిమిషాలు ఊరికే చూడండి. ఎక్కడ గుండ్రాలు లేస్తున్నాయి, ఎక్కడ బురద పొగలా లేస్తోంది, ఏ రాయి పక్కన నీడ కదులుతోంది.

కర్నూలు ఒడ్డు నదికి దక్షిణం వైపు ఉంది. చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణంగానే నడుస్తాడు. అంటే ఈ ఒడ్డున నిలబడితే మీ నీడ ఎప్పుడూ నీళ్ళ మీదే పడుతుంది. చేపకు పైనుంచి పడే నీడ అంటే కొంగ. ఒక్కసారి నీడ తగిలితే ఆ మూలంతా ఖాళీ. అందుకే అంచుకు పోవద్దు, బండ వెనకో తుంగ వెనకో మోకాళ్ళ మీద కూర్చుని విసరండి. ఎండ వెనక నుంచి ఉండటం వల్ల నీళ్ళ లోపల బాగా కనిపిస్తుందన్నది ఈ ఒడ్డు ఇచ్చే లాభం. బండల మీద బూటు చప్పుడు నీళ్ళలోకి దిగిపోతుంది, మెత్తగా అడుగులు వెయ్యండి.

నీళ్ళు రాళ్ళ మధ్య నుంచి గలగలమని దిగే చోట పరిగెలు, దాని కింద మడుగు మొదలయ్యే గీత దగ్గర కాస్త పెద్దవి ఉంటాయి. నాచు పట్టిన బండల నీడలో జిలేబి. బురద పొగ కదులుతూ పోతుంటే అది బంగారు తీగ, అడుగున నోటితో తవ్వుతూ మేస్తోందన్న మాట. దాని ముందు రెండడుగుల దూరంలో బుగ్గర్ మునగనిచ్చి, అది దగ్గరకు వచ్చినప్పుడు అంగుళం కదిపితే చాలు. శీలావతి, బొచ్చె ఫ్లైకి ఎప్పుడో గానీ రావు, వాటి కోసం పొద్దంతా వెచ్చించొద్దు.

జిలేబి

నేర్చుకునేవాళ్ళకు ఇంతకన్నా మంచి గురువు లేదు. కళ్ళ ముందే ఉంటుంది, భయపడితే చూపిస్తుంది, ఫ్లై నచ్చకపోతే పక్కకు జరిగి అదీ చూపిస్తుంది. ఇది మన చేప కూడా కాదు. ఆఫ్రికా మొజాంబిక్ జిలేబిని 1952లో మన దేశానికి తెచ్చారు, నదులు, చెరువులంతా పాకి స్థానిక చేపల చోటు ఆక్రమించింది. కాబట్టి ఇంటికి తీసుకెళ్ళడానికి మొహమాటపడక్కర్లేదు.

వెచ్చటి నెలల్లో లోతు తక్కువ ఇసుకలో, ఒండ్రులో భోజనం ప్లేటు వెడల్పున గుండ్రటి గుంటలు కనిపిస్తాయి. అవి మగ జిలేబి తోకతో, నోటితో చేసిన గూళ్ళు. మగది మధ్యలో కాపలా ఉంటుంది. గూటికి అవతల రెండడుగుల దూరంలో నాచు ఫ్లై వేసి, మునిగాక మెల్లగా లాగుతూ గూటి మధ్యకు తెచ్చి ఆపండి. అది మేత కోసం కాదు, చెత్త ఎత్తి పారేయడానికి ఫ్లైను నోట్లో పెట్టుకుంటుంది. క్షణంలో ఉమ్మేస్తుంది కూడా. చేతికి ఏమీ తెలియదు. చేప తల కిందికి వంగి, నోరు తెల్లగా తెరుచుకుని మూసుకోవడం కళ్ళతో చూసి లాగాలి. కనిపించకపోతే లైను చివర చూడండి, అంగుళం పక్కకు జరిగినా లాగండి.

గూళ్ళు లేని కాలంలో బండల పక్కన నాచు ఫ్లైను అడుగుకు చేర్చి, ఎడమచేత్తో లైనును వేలి కణుపంత చొప్పున దగ్గరకు తీస్తూ ఉండండి. ఎంత మెల్లగా లాగుతున్నామని అనుకుంటామో అంతకు సగం వేగం సరైనది.

తగిలాక రాడ్డు పక్కకు వంచి, బండల నుంచి దూరంగా నడిపించండి. వీపు మీది ముళ్ళు గట్టివి. తడి చేత్తో తల వైపు నుంచి తోక వైపుకు నిమురుతూ ముళ్ళను పడుకోబెట్టి పట్టుకుంటే గుచ్చుకోవు.

కొర్రమీను

ఇది వేరే ఆట. అవతలి ఒడ్డు తెలంగాణలో కొర్రమట్ట అని పిలిచి రాష్ట్ర చేపగా పెట్టుకున్నారు. దీనికి మొప్పలతోపాటు పైగాలి పీల్చుకునే ఏర్పాటు ఉంది, అందుకే కొంతసేపటికోసారి నీటి పైకి వచ్చి గుటక వేయాల్సిందే. ఆ గుటకే మనకు ఆచూకీ. గుర్రపుడెక్క అంచున, తామర ఆకుల మధ్య ఖాళీల్లో 'గుబుక్' మని చప్పుడై ఒక గుండ్రం లేస్తే, అక్కడే ఉండండి. చాలావరకు అది అదే చోటికి దగ్గర్లో మళ్ళీ లేస్తుంది.

లేచిన చోటు మీదకు కాదు, దానికి మూడడుగులు అవతల, ఆకు మీద పడేలా కప్ప ఫ్లై వేయండి. నీళ్ళలో కాక ఆకు మీద పడితే నిజమైన కప్పలా కనపడుతుంది, చప్పుడూ తక్కువ. గుండ్రాలు అణిగేదాకా కదపొద్దు. తర్వాత ఒక్క చిన్న లాగుతో ఆకు మీద నుంచి నీళ్ళలోకి జార్చండి. ఆపండి. రెండు చిన్న లాగులు. మళ్ళీ ఆపండి. ఆపినప్పుడే ఎక్కువగా కొడుతుంది.

కొట్టినప్పుడు నీళ్ళు చిమ్మి గుండె ఝల్లుమంటుంది, చెయ్యి దానంతటదే రాడ్డు లేపేస్తుంది. లేపకూడదు. అది కప్పను నోట్లో తిప్పుకుని కిందికి వెళ్ళేదాకా ఆగాలి. లైను బిగిసి బరువు చేతికి తెలిశాక, రాడ్డును చేప వైపే చూపిస్తూ ఎడమచేత్తో లైనును గట్టిగా, పొడవుగా లాగండి. దాని దవడ ఎముక గట్టిది, మొద్దు కొక్కెం దిగదు. ప్రతి రెండు మూడు విసుళ్ళకూ గోటి మీద కొన గీసి చూడండి, జారితే ఆకురాయితో పదును పెట్టండి. దిగిన మరుక్షణం డెక్కలోకి దూరకుండా బలంగా లాగాలి. ఇక్కడ సున్నితంగా ఉంటే చేపా పోతుంది, ఫ్లైయూ పోతుంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా పట్టుకోండి. వానాకాలంలో నీటి మీద వేలెడంత కూడా లేని ఎర్రటి పిల్లలు గుంపుగా, పైకీ కిందికీ గాలి కోసం కదులుతూ కనిపిస్తాయి. ఆ గుంపు కిందే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. అక్కడ ఏ ఫ్లై వేసినా దాడి చేస్తాయి, పట్టడం చాలా తేలిక. పట్టొద్దు. పెద్దవి పోతే ఆ పిల్లలన్నీ పరిగెలకూ, పాములకూ, కొంగలకూ ఒక్క పూట మేత. జూలై నుంచి సెప్టెంబర్ దాకా కొర్రమీను గాలాన్ని నేను పూర్తిగా పక్కన పెట్టేస్తాను.

చేప చేతికొచ్చాక

వదలాలనుకుంటే ఇంట్లోనే కొక్కెం లోపలి ముల్లును పట్టకారుతో నొక్కి అణిచేసుకోండి. దారం బిగువుగా ఉంచితే ముల్లు లేకపోయినా చేప పోదు, విడిపించడం మాత్రం క్షణం పని. చేతులు తడుపుకోండి. మన బండలు మార్చి నాటికే కాలుతుంటాయి, చేపను బండ మీద పెట్టి ఫొటో తీస్తే ఒంటి జిగురు అక్కడికక్కడే ఊడిపోతుంది. నీళ్ళలోనే పట్టుకుని కొక్కెం తీసి, మొప్పలు ఆడేదాకా నిలబెట్టి వదలండి. జెల్ల తగిలితే వట్టి చేత్తో పట్టొద్దు. రొమ్ము దగ్గరి ముళ్ళు గుచ్చుకుంటే గంటల తరబడి సలుపుతుంది.

జిలేబి తినడానికి ఉంచుకుంటే అక్కడికక్కడే తల మీద ఒక్క దెబ్బతో చంపి, తడి గోనె చుట్టి నీడలో పెట్టండి. చింతపండు పులుసు, పక్కన జొన్నరొట్టె ఉంటే ఆ పూటకు ఇంకేం అక్కర్లేదు.

ప్రాణం మీదికి తెచ్చేవి

నీళ్ళు. పైన గేట్లు ఎత్తితే నిమిషాల్లో పాయలన్నీ కలిసిపోతాయి. 2009 అక్టోబర్ వరద కర్నూలును ఎంత ముంచిందో ఊళ్ళో అందరికీ తెలుసు. 2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు దిగువ ఊళ్ళన్నీ బిక్కుబిక్కుమన్నాయి. నడి ఏట్లో బండ మీదికి వెళ్ళేటప్పుడు నీటి అంచున ఒక రాయి గుర్తు పెట్టుకోండి. ఆ రాయి తడిస్తే మరో ఆలోచన లేకుండా ఒడ్డుకు రండి.

ఇసుక తవ్విన గుంతలు. పైన మోకాలి లోతులా కనిపించి ఒక్క అడుగులో నిలువు లోతు అవుతుంది. మోకాలు దాటి దిగొద్దు, కాలు ఎత్తకుండా నేల తడుముకుంటూ జరపండి. తుంగభద్ర, కృష్ణ పాయల్లో మొసళ్ళున్నాయి, పొద్దువాలాక లోతు మడుగుల్లో కాలు పెట్టొద్దు.

కరెంటు. నది ఒడ్డున రైతుల మోటార్లకు వైర్లు కర్రల మీద కిందుగా వేలాడుతుంటాయి. మన రాడ్డు కార్బన్‌ది, కరెంటు దాంట్లో బాగా పారుతుంది, పైగా లైను తడిగా ఉంటుంది. విసిరే ముందు తల పైన, వెనక వైర్లు చూసుకోవడం అలవాటు చేసుకోండి. ఉరుము వినపడితే రాడ్డు నేల మీద పడేసి దూరంగా వెళ్ళండి. ఉసిళ్ళు లేచే సాయంత్రాల్లో ఆశ ఎక్కువ, పిడుగుల ప్రమాదమూ ఎక్కువ.

ఇంటికొచ్చాక

లైనుకు సన్నటి ఒండ్రు, నాచు జిగురు పట్టుకుంటాయి. రెండు మూడు సార్లు వెళ్ళేసరికి కొన మునగడం మొదలవుతుంది, దూరం తగ్గుతుంది. బకెట్‌లో గోరువెచ్చటి నీళ్ళు, కొద్దిగా సబ్బు వేసి లైనును ముప్పై అడుగుల దాకా నానబెట్టి, మెత్తటి గుడ్డతో లాగి తుడవండి. కారు డిక్కీలో ఎండలో మాత్రం వదలొద్దు, పూత పగులుతుంది. కత్తిరించిన నైలాన్ ముక్కలన్నీ జేబులో వేసుకుని వచ్చి చెత్తబుట్టలో వేయండి. ఒడ్డున పడేస్తే కొంగల కాళ్ళకు చుట్టుకుంటాయి. తడిసిన ఫ్లైలను పెట్టెలో మూసేయకుండా ఒక రాత్రి గాలికి ఆరనివ్వండి, లేకపోతే కొక్కేలకు తుప్పు పడుతుంది.